జాడీల ఊళ్లో మంట పాఠం

మీ ఇంట్లో ఆవకాయ జాడీ ఉందా? పైన గోధుమరంగు, కింద మీగడ తెలుపు... అలాంటి జాడీలకూ, పింగాణీ కప్పులకూ పేరుపడ్డ ఊరు ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా. ఢిల్లీ నుంచి 80 కిలోమీటర్ల పైచిలుకు. రైలు దిగి ఆటోలో ఊళ్లోకి వెళ్తుంటే పాత బొగ్గు బట్టీల పొగగొట్టాలు కనిపిస్తాయి. ఈ జిల్లా ఢిల్లీ రాజధాని ప్రాంతం కిందికే వస్తుంది. థర్మల్ కేంద్రాలను మినహాయించి ఇక్కడి పరిశ్రమల్లో బొగ్గు వాడకాన్ని 2023 జనవరి 1 నుంచి నిషేధించారు.

మేం వెళ్లింది జాడీలు కొనడానికే కాదు. కుండలు చేయడం నేర్చుకున్న మా అక్క కూతురు, హైదరాబాద్‌లో తమ మేడ మీద చిన్న గ్యాస్ బట్టీ కట్టుకుంటానంటోంది. 'వంట సిలిండరు ఉందిగా పిన్నీ' అని దాని ధీమా. మా అక్కకు అదే భయం!

ఓ కార్ఖానాలో ట్రాలీ మీద జాడీలు పేర్చి బట్టీలోకి తోస్తున్నారు. పెద్దాయన మా పిల్ల మాట విని నవ్వి, 'ఎన్ని డిగ్రీలు కావాలి బేటీ?' అన్నాడు. మామూలు ఎర్రమట్టికి 900 నుంచి 1000 డిగ్రీల సెల్సియస్ చాలు. జాడీలాంటి గట్టి సరుకుకు 1200 దాటాలి. వేడి ఎంత, లోపలి చోటు ఎంత, గోడలు వేడిని ఎంత ఆపుతాయి... ఇవి తేలాకే బర్నరు సంగతి. ముందే బర్నరు కొనేసి దానికి తగ్గట్టు బట్టీ కట్టేవాళ్లంటే ఆయనకు ఒళ్లుమంట.

బర్నర్లు రెండు రకాలు. ఒకటి ఫ్యానుతో గాలి కొట్టేది. కరెంటు పోతే గ్యాస్ కూడా తనంతట ఆగే ఏర్పాటు దానికి తప్పనిసరి. రెండోది గ్యాస్ వేగంతోనే గాలిని లాక్కునేది. చిన్న బట్టీకి ఇదే నయమని ఆయన మాట. మన ఇళ్లకు నాకూ అదే సబబనిపించింది. అయితే పొయ్యి రెగ్యులేటర్ దీనికి చాలదు. ఒత్తిడిని పెంచి తగ్గించే రెగ్యులేటరూ, మీటరూ కావాలి. ఒత్తిడి మరీ తగ్గితే మంట గొట్టంలోకి వెనక్కి వస్తుంది, మరీ పెరిగితే మూతి నుంచి లేచి ఆరిపోతుంది. మంట ఆరగానే గ్యాస్‌ను ఆపేసే వాల్వు దగ్గర మాత్రం బేరాలు వద్దన్నాడు.

ఇక సిలిండరు. గంటల తరబడి గ్యాస్ లాగితే అది చల్లబడి పైన మంచు పేరుకుంటుంది, ఒత్తిడి పడిపోతుంది. అందుకే రెండు మూడు కలిపి వాడతారు. అవీ 19 కిలోల వాణిజ్య సిలిండర్లే. వంటింటి 14.2 కిలోలది వంటకే!

మా అక్కను ఉలిక్కిపడేలా చేసింది వేరే మాట. వంటగ్యాస్ గాలికన్నా బరువు. మేడ మీద లీకైతే పైకి పోదు, మెట్ల వెంట ఇంట్లోకి దిగుతుంది. గాలి చాలక మండితే విషవాయువు కూడా. నాలుగువైపులా తెరిచిన రేకుల షెడ్డయితే మేలన్నాడు పెద్దాయన.

రెండు జాడీలు గడ్డిలో చుట్టించుకుని రైలెక్కాం. బట్టీ ఇంకా కట్టలేదు. చోటు మాత్రం మేడ మీంచి పెరట్లోకి, బావి పక్కకి మారింది.