గడ్డివాము – పాత ట్రాక్టరు

ఎద్దును కొనడం ఒకనాడు తెలుగు రైతుకు ఒక శాస్త్రం. సంతకు బయలుదేరేటప్పుడు ఊరిలోని అనుభవజ్ఞుడొకరిని వెంట తీసుకొని వెళ్ళేవారు. నోరు తెరిపించి పళ్ళను బట్టి వయసు గ్రహించేవారు. మూపురం, గంగడోలు, గిట్టలు, తోకకుచ్చు పరిశీలించేవారు. ఒంటిమీద సుడులు ఎక్కడెక్కడ ఉన్నవో చూసి శుభాశుభాలు నిర్ణయించేవారు. పది అడుగులు నడిపించి, అడుగు తీరు గమనించి, అంతా అయిన తరువాత కండువా కింద చేతులు కలిపి వేళ్ళతోనే బేరం తేల్చుకొనేవారు. సుడుల మహిమ మాట ఎలా ఉన్నా, తక్కిన పరీక్షలన్నీ తరతరాల అనుభవం నేర్పినవే. కాడి మోసే పశువు స్థానంలో ఇనుప యంత్రం వచ్చిన తరువాత ఆ శాస్త్రంతో పని లేదని చాలామంది తలచారు. కొత్త ట్రాక్టరు కొనే ధనవంతునికి ఆ మాట చెల్లుతుందేమో గాని, పాత ట్రాక్టరు కొనే చిన్న రైతుకు మాత్రం చెల్లదు.

కృష్ణా డెల్టాలో కాలువ చివరన ఉన్న ఒక గ్రామంలో అటువంటి చిన్న రైతు ఒకడు ఉన్నాడు. అతనికి నాలుగు ఎకరాల మాగాణి, రెండు పాడిగేదెలు ఉన్నాయి. చేను తిండి పెడుతుంది, గేదెలు చేతికి డబ్బు ఇస్తాయి. ఒక్కొక్క గేదెకు రోజుకు ఐదారు కిలోల ఎండుగడ్డి కావాలి. అంటే ఏడాదికి రెండు గేదెలకూ కలిపి సుమారు నాలుగు టన్నులు. పూర్వం ఆ లెక్క ఎవరూ వేసుకోవలసిన అవసరం ఉండేది కాదు. కొడవళ్ళతో కోసిన వరి పనలు చేలో ఆరేవి. కట్టలు కట్టి కుప్ప వేసేవారు. నూర్చిన తరువాత మిగిలిన పొడవాటి గడ్డి ఇంటి పెరటిలో వాముగా లేచేది. వాము వేయడం అందరికీ చేతనయ్యే పని కాదు. నడుమ ఎత్తు, చుట్టూ వాలు ఉండేటట్లు పేర్చి, ఎంత వాన కురిసినా నీరు లోపలికి దిగకుండా తీర్చిదిద్దే నేర్పరులు ఊరికి ఇద్దరో ముగ్గురో ఉండేవారు.

వరికోత యంత్రం రాకతో ఈ క్రమమంతా తారుమారైంది. యంత్రం గింజను తీసుకొని, గడ్డిని వెనుక వరుసగా విడిచి వెళుతుంది. ఆ గడ్డి చిక్కుపడి, విరిగి ఉంటుంది. పనలుగా కట్టడానికి లొంగదు. కూలీలు దొరకరు, దొరికినా గిట్టుబాటు కాదు. వెనుక వెంటనే మినుము వేయాలనే తొందరలో కొందరు ఆ గడ్డికి నిప్పు పెడుతున్నారు. ఒకవైపు చేలో గడ్డి తగులబడుతుండగా మరొకవైపు అదే ఊరి పాడిరైతు గడ్డిని డబ్బిచ్చి కొనుక్కోవడం కంటె విడ్డూరం మరొకటి ఉండదు.

దీనికి విరుగుడుగా వచ్చినదే బేలరు. ట్రాక్టరు వెనుక కదులుతూ, వరుసగా పడి ఉన్న గడ్డిని నోటితో అందుకొని, లోపల గుండ్రంగా చుట్టి, దారంతో బిగించి వెనుకకు విడిచే యంత్రమిది. గ్రామంలోని మూడు కుటుంబాలవారు కలిసి చిన్నరకం బేలరు ఒకటి కొనడానికి ఒప్పుకొన్నారు. దానిని లాగే ట్రాక్టరును మాత్రం ఆ రైతు సమకూర్చాలి. అందుకు బదులుగా ఊరివారి గడ్డి చుట్టినందుకు వచ్చే బాడుగలో అతనికి ఒక వాటా అధికంగా ముడుతుంది. అతని దగ్గర ఉన్న మొత్తం రెండున్నర లక్షల రూపాయలు. అందులో సగానికి పైగా అతని భార్య పాలడబ్బు నుండి ఏళ్ళ తరబడి కూడబెట్టినది. ఈ బేరం చెడితే పోయేది ఆమె కష్టార్జితం. కోతలు కార్తీక మార్గశిరాలలో వస్తాయి. తుపానులు వచ్చే కాలమూ అదే. కోసిన చేలో గడ్డి ఆరిన నాలుగు రోజులలో చుట్టకపోతే, వాన పడిన మరునాటికి అది ఎరువుకు తప్ప ఎందుకూ పనికిరాదు. తడి ఆరని గడ్డిని చుట్టితే మరీ ప్రమాదం. చుట్ట లోపల వేడి పుట్టి, బూజు పట్టి, గేదె ముట్టదు. అందువలన ఆ నాలుగు రోజులలో మొండికేసే ట్రాక్టరు ఉన్నా లేనట్లే.

అతడు తనకు తోడుగా సమీప పట్టణంలో చిన్న షెడ్డు నడిపే ఒక వృద్ధ మేస్త్రిని అడిగాడు. వరుసకు బాబాయి అయ్యే ఆ మేస్త్రి మొదట అడిగిన ప్రశ్న ధరను గురించి కాదు.

“నీకు దుక్కికి కావాలా అబ్బాయి, గడ్డికి కావాలా?”

“గడ్డికే బాబాయి. దుక్కి బాడుగకు చేయించుకుంటాను.”

“అయితే బలం చూడబోకు. పీటీవో చూడు, క్లచ్చి చూడు, బరువు చూడు.”

ఈ మూడు మాటలలోనే అసలు విషయమంతా ఇమిడి ఉంది. ట్రాక్టరు వెనుక భాగం నుండి బయటకు వచ్చి, వెనుక తగిలించిన పనిముట్టును తిప్పే ఇరుసును పీటీవో అంటారు. బేలరు సరిగా పనిచేయాలంటే అది నిమిషానికి 540 చుట్లు తిరగాలి. పాత ట్రాక్టర్లలో ఆ వేగం ఇంజను వేగంతో ముడిపడి ఉంటుంది. గడ్డి దట్టంగా ఉన్నచోట నెమ్మదిగా పోవాలని ఇంధనం తగ్గిస్తే, బేలరు కూడా నెమ్మదించి గొంతు పూడుకుపోతుంది. కనుక ఇంజను వేగం తగ్గించకుండా గేరు తగ్గించి నడపాలి. మిక్కిలి నిదానంగా నడిచే మొదటి గేరు లేని ట్రాక్టరు ఎంత బలమైనదైనా ఈ పనికి తగదు. చిన్న బేలరుకు 35 హార్స్‌పవర్ ఇంజను చాలు. ఇంజను బలమంతా పీటీవోకు చేరదన్న సంగతి మాత్రం మరువరాదు.

క్లచ్చి సంగతి మరింత సూక్ష్మమైనది. ఒంటి క్లచ్చి ఉన్న ట్రాక్టరులో తొక్కుడును తొక్కగానే చక్రాలు ఆగుతాయి. పీటీవో కూడా ఆగుతుంది. చుట్ట నిండిన తరువాత ట్రాక్టరు నిలబడాలి, బేలరు మాత్రం తిరుగుతూ దారం చుట్టాలి. జంట క్లచ్చి ఉంటే సగం తొక్కితే చక్రాలు మాత్రమే ఆగుతాయి. పూర్తిగా తొక్కితేనే పీటీవో ఆగుతుంది. ఒంటి క్లచ్చి బండిలో అయితే తొక్కి, గేరు తప్పించి, మళ్ళీ కాలు తీయాలి. ప్రతి చుట్టకూ ఇదే తంతు. ఎకరానికి పదుల కొద్దీ చుట్టలు వస్తాయి గనుక ఇది నడిపేవాని ఎడమ మోకాలికి సంబంధించిన వ్యవహారం కూడా. ఇక బరువు. మినుము వేయబోయే చేలో తేమ పూర్తిగా ఆరదు. బరువైన బండి దిగితే జాడలు పడతాయి, నేల గట్టిపడుతుంది.

వారు చూసిన మొదటి బండి పట్టణంలో పాత ట్రాక్టర్లు అమ్మే ఒక యార్డులో ఉంది. ఎర్రటి రంగుతో పెళ్ళికూతురిలా మెరుస్తున్నది. రైతు కన్ను దాని మీద నిలిచిపోయింది. ఉదయం ఏడు గంటలైనా కాలేదు. మేస్త్రి మాట్లాడకుండా వెళ్ళి ఇంజను మీద అరచేయి ఆనించాడు. వేడిగా ఉంది. కొనేవారు రాకముందే ఎవరో దానిని నడిపి ఉంచారన్నమాట. చల్లని ఇంజను ఎలా మేలుకొంటుందో చూడనివ్వని అమ్మకందారు దాచదలచినది అదే. కొత్త రంగు కింద, పాత నూనెమడ్డి మీద, దుమ్ము అలాగే పేరుకొని ఉంది. నీళ్ళలో గేదెకు గట్టుమీద బేరం అన్న సామెత ఇటువంటి చోటనే పుట్టి ఉంటుంది. వారు టీ తాగకుండానే తిరిగి వచ్చారు.

మాగాణిలో పనిచేసిన బండి ఒక తీరుగా అరుగుతుంది, మెట్టలో పనిచేసినది మరొక తీరుగా. దమ్ములో ఇనుప చక్రాలతో తిరిగిన ట్రాక్టరుకు బురదనీరు శత్రువు. ముందు చక్రాల బేరింగులు, వెనుక ఇరుసు సీళ్ళు, బ్రేకులు ముందుగా చెడిపోతాయి. మెట్టలో తిరిగినదానికి దుమ్ము శత్రువు. గాలి వడపోత సరిగా చూడకపోతే ఇంజనే అరిగిపోతుంది. ఇసుక తోలిన బండి వీటన్నింటికంటె నికృష్టం. దాని గేర్లు, బ్రేకులు, వెనుక కొక్కెం చెప్పే కథ యజమాని నోటివెంట ఎన్నడూ రాదు. గంటల మీటరును ఎవరూ నమ్మరాదు. క్లచ్చి తొక్కుడు ఎంత అరిగి నునుపెక్కిందో, స్టీరింగు ఎన్ని వేళ్ళ మేర వదులుగా తిరుగుతుందో, పీటీవో ఇరుసు పళ్ళ అంచులు ఎంత పదునెక్కాయో చూడాలి. పళ్ళు చూసి వయసు కట్టే పద్ధతి ఇక్కడ కూడా తప్పలేదు!

రెండవ బండి మెట్ట ప్రాంతంలో దొరికింది. జంట క్లచ్చి, చక్కని పీటీవో, గంభీరమైన శబ్దం. మేస్త్రి సైతం తల ఊపాడు. యజమాని యాభై వేలు బయానా ఇమ్మన్నాడు. రైతు ఆ సాయంత్రమే ఇవ్వడానికి సిద్ధపడ్డాడు. రిజిస్ట్రేషను కాగితపు నకలును అతని భార్య దీపం దగ్గర కూర్చుని చదివింది. పాలకేంద్రం లెక్కలు ఇరవై ఏళ్ళుగా తప్పు పోనివ్వని మనిషి ఆమె.

“ఏమండీ, ఇందులో ఫైనాన్సువాళ్ళ పేరు ఇంకా ఉంది. అప్పు తీరిపోయిందని ఆయన అన్నాడంటున్నారు, తీరినట్లు కాగితం ఏదీ?”

“వచ్చే వారం తెచ్చి ఇస్తానన్నాడు.”

“అయితే బయానా కూడా వచ్చే వారమే ఇద్దాం.”

అప్పు తీరినట్లు ఫైనాన్సు సంస్థ ఇచ్చే నిరభ్యంతర పత్రం, తనఖా రద్దుకు 35వ నంబరు ఫారం, యాజమాన్య బదిలీకి 29, 30 ఫారాలు లేనిదే ట్రాక్టరు చేతికి వచ్చినా సొంతమైనట్లు కాదు. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు కాగితంలో ఉన్నట్లే బండి మీద ఉండాలి. పదిహేనేళ్ళు దాటిన ట్రాక్టరుకు రిజిస్ట్రేషను మళ్ళీ చేయించారా లేదా అన్నది కూడా చూడాలి. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి; కాగితం రాలేదు.

పాత ట్రాక్టరు ఏ కంపెనీది అన్న ప్రశ్నకు రైతులు అభిమానంతో సమాధానం చెబుతారు. దానిని విడిభాగాలతో సమాధానపరచుకోవడం మేలు. మన దేశంలో ట్రాక్టరు నిర్మాణం ఫరీదాబాదులో 1959లో ఐషర్‌తో మొదలైంది. 1960లో మద్రాసులో ఏర్పడిన టాఫే సంస్థ మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లను మన రైతులకు అందించింది. 1974లో స్వదేశీ పరిజ్ఞానంతో స్వరాజ్ వెలువడింది. పనిముట్టును మూడు చోట్ల తగిలించి హైడ్రాలిక్కుతో ఎత్తే ఏర్పాటును రూపొందించిన హ్యారీ ఫెర్గూసన్ 1939లో ఫోర్డుతో కలిసి తెచ్చిన చిన్న ట్రాక్టరు వంటివి నేటికీ అమెరికాలో చిన్న కమతాలవారి గడ్డి పనులలో కనిపిస్తూనే ఉంటాయి. అంటే యంత్రం ఆయుర్దాయం కంపెనీ పేరులో కంటె దానికి దొరికే సామగ్రిలో ఉంది. హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల విభాగాన్ని మూసివేయాలని కేంద్రం 2016లో నిర్ణయించినప్పుడు, ఎంతోమంది రైతులు మంచి బండి ఇంట్లో ఉండగానే సామాను ఎక్కడ దొరుకుతుందా అని విచారించవలసి వచ్చింది.

మూడవ బండి ఎనిమిది కిలోమీటర్ల దూరంలోనే ఉంది. వ్యవసాయం మానుకొంటున్న ఒక వృద్ధ రైతు 2006లో కొన్న మూడు సిలిండర్ల ట్రాక్టరు అది. రంగు వెలిసింది, వెనుక టైర్లు నునుపెక్కాయి, క్లచ్చి ఒంటిదే. తెల్లవారుజామున వెళితే ఇంజను చల్లగా ఉంది. రెండు తిప్పులకు మేలుకొంది. మొదట వచ్చిన తెల్లపొగ నిమిషంలో విడిపోయింది. నీలిపొగ వస్తే నూనె మండుతున్నదని, బరువు పడకుండానే నల్లపొగ విడవకుండా వస్తే ఇంధనమో గాలియో సరిగా అందడం లేదని అర్థం. ఆ రెండూ లేవు. మేస్త్రి నూనె పుల్ల తీసి చూశాడు. నూనె నల్లగా ఉంది గాని, నీరు కలిసిన పాలరంగు లేదు. వెనుక గొర్రును పైకెత్తి ఇంజను ఆపి, బీడీ తాగేంతసేపు ఎదురుచూశాడు. గొర్రు కిందికి దిగలేదు.

అప్పుడు ఆ వృద్ధుడే ముందుకు వచ్చి, “ఒక మాట నాయనా, రెండో గేరు అప్పుడప్పుడు జారుతుంది. చెప్పకుండా అమ్మితే నాకు నిద్ర పట్టదు” అన్నాడు.

మేస్త్రి రైతు వైపు చూశాడు. ఎవరూ అడగకుండా ఒక లోపం చెప్పిన మనిషి పది లోపాలు దాచి ఉండడని ఆ చూపునకు అర్థం. ధర లక్షా ఎనభై వేలకు కుదిరింది. మిగిలిన డబ్బులో వెనుక టైర్లు రెండూ మార్చారు. కాగితాలు అన్నీ సక్రమంగా ఉన్నాయని రైతు భార్య స్వయంగా చూసిన తరువాతనే పైకం చేతులు మారింది.

ఆ మార్గశిరంలో మూడు కుటుంబాల గడ్డితో పాటు ఊరివారి గడ్డి కూడా చుట్టలుగా గట్టుకు చేరింది. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున రాత్రి పదకొండు గంటల దాకా దీపాల వెలుగులో నడిపారు. రైతు ఎడమ మోకాలు వాచింది. భార్య ఆముదం కాచి పట్టు వేసింది. మరునాడు మబ్బు పట్టిన ఉదయాన పాత యజమాని సైకిలు మీద చేను చూడవచ్చాడు. గట్టు మీద పేర్చి, పట్టా కప్పిన చుట్టలను లెక్కపెట్టినట్లు చూసి, నెమ్మదిగా బండి దగ్గరకు వెళ్ళాడు.

“రెండో గేరు జారుతున్నదా నాయనా?”

“ఏమో పెదనాన్నా, రెండో గేరు వేసే పని పడలేదు. మొదటి గేరులోనే చుడుతున్నాం.”

ఆ వృద్ధుడు ట్రాక్టరు మూతిమీద చేయి వేసి, ఎద్దు మూపురం నిమిరినట్లు ఒకసారి నిమిరాడు. అంతలో తూర్పుగాలి విసరడం మొదలైంది. మిగిలిన అర ఎకరం గడ్డి ముగించడానికి రైతు మళ్ళీ బండి ఎక్కాడు.