కాకి వాలిన ఇల్లు

వేదాంతశాస్త్రంలో లక్షణం ద్వివిధమని చెబుతారు: స్వరూప లక్షణం, తటస్థ లక్షణం. దేవదత్తుని ఇల్లు ఏదని బాటసారి అడిగితే, అదిగో, కాకి వాలిన ఇల్లు అని చూపడం రెండవదానికి ప్రసిద్ధమైన దృష్టాంతం. కాకి ఇంటిలో భాగం కాదు. ఎగిరిపోయినా ఇంటికి లోపం లేదు. అయితే కాకి పొరుగింటిపై వాలితే బాటసారి పొరుగింటికే పోతాడు. ఈ పాఠాన్ని బాల్యంలో తండ్రి ముఖతః విన్న ఒక గణితోపాధ్యాయుడు, పదవీ విరమణానంతరం, రాజమహేంద్రవరంలోని తన షెడ్డులో అంబాసిడర్ కారు ఇంజను ముందు కూర్చుని దానిని మళ్లీ నేర్చుకున్నాడు.

ఆ కారు తండ్రిది. మార్క్ 2, 1489 సి.సి. పెట్రోలు ఇంజను. ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా ఆధారంగా పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో తయారైన ఈ వాహనాల ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. తండ్రి వైదికుడు, ఎన్నో ఆలయ ప్రతిష్ఠలకు ఆ కారులోనే వెళ్లినవాడు. ఆయనకు సహస్ర చంద్ర దర్శన శాంతి సమీపిస్తున్నది. ఆనాడు ఉదయం అదే కారులో గోదావరీ స్నానానికి వెళ్లాలని ఆయన కోరిక. ఆ వయస్సులో కోరికను వచ్చే సంవత్సరానికి వాయిదా వేయమని ఎవరూ చెప్పలేరు.

ఇంజనును కుమారుడే విప్పి, శుభ్రపరచి, మళ్లీ కూర్చాడు. పూర్వం ఆ కారును చూసే వృద్ధ మేస్త్రి సహాయానికి వస్తే, ‘పుస్తకం ఉన్నది, చాలు’ అని పంపివేశాడు. ఆ మాటలో కొంత తిరస్కారం ధ్వనించింది. మేస్త్రికి అది వినిపించింది కూడా.

ఇంజనులో పిస్టన్ల గమనానికి క్రాంక్‌షాఫ్ట్, వాల్వుల గమనానికి క్యామ్‌షాఫ్ట్ అధిష్ఠానాలు. క్రాంక్ రెండు ఆవృత్తులు తిరిగితే క్యామ్ ఒకటే తిరగాలి. అందుకే క్యామ్ చక్రానికి పళ్లు రెట్టింపు. రెండింటినీ గొలుసు కలుపుతుంది. కూర్చేవాడికి గురుతుగా ఒక్కొక్క చక్రంపై ఒక్కొక్క చుక్క చెక్కి ఉంటుంది. రెండు చుక్కలూ ఎదురెదురుగా, రెండు షాఫ్టుల కేంద్రాలను కలిపే రేఖపై నిలిచినప్పుడు గొలుసు తొడగాలి. ఉపాధ్యాయుడు కొత్త క్యామ్ చక్రం, కొత్త గొలుసు తెప్పించి, స్టీలు స్కేలు పెట్టి మరీ అలాగే చేశాడు.

ఇంజను దగ్గింది, కార్బురేటర్‌లోంచి వెనక్కి చీదింది, కానీ నిలవలేదు. ఆయన డిస్ట్రిబ్యూటర్‌ను కొద్దికొద్దిగా తిప్పాడు. ఒకచోట ఇంజను అందుకున్నది. అదే ప్రమాదం. డిస్ట్రిబ్యూటర్ క్యామ్‌షాఫ్ట్‌నుండే తిరుగుతుంది కనుక, క్యామ్ వెనుకబడితే నిప్పురవ్వ కూడా వెనుకబడుతుంది. దానిని మాత్రం ముందుకు జరిపితే మూలదోషం ఉన్నచోటే ఉండి, పైకి ఉపశమనం కనిపిస్తుంది. ఆయన తండ్రిని కూర్చోబెట్టుకుని ఊరి చివర గోదావరి గట్టు వరకు తీసుకువెళ్లాడు. గట్టు ఏటవాలులో, మొదటి గేరులోనే, బండి ఆగిపోయింది. దారిన పోయేవారు వెనుకనుండి తోశారు. తండ్రి ఒక్క మాటా అనలేదు. అది కుమారునికి మరింత బాధ కలిగించింది.

మరునాడు ఆయనే మేస్త్రి ఇంటికి వెళ్లాడు. మేస్త్రి పాతమాట ఎత్తలేదు. సంచి భుజాన వేసుకుని వచ్చాడు.

“మార్కులు సరిగ్గా ఉన్నాయండీ, నేను స్కేలు పెట్టి చూశాను,” అన్నాడు ఉపాధ్యాయుడు.

“ఉండే ఉంటాయి మాస్టారూ. ముందు పిస్టన్ ఏమంటుందో అడుగుదాం.”

స్పార్క్ ప్లగ్గులన్నీ తీశాడు. పింగాణీ తీసివేసి మధ్యలో బోల్టు బిగించిన ఒక పాత ప్లగ్గును మొదటి సిలిండరులో తిప్పి పెట్టాడు. క్రాంక్‌ను చేతితో మెల్లగా తిప్పగా పిస్టన్ పైకి వచ్చి బోల్టును తాకి ఆగింది. ఇంజనుపై స్థిరంగా ఉన్న సూచికకు ఎదురుగా, పుల్లీపై సుద్దగీత. వెనుకకు తిప్పగా రెండవవైపునుండి వచ్చి మళ్లీ తాకింది. మరొక గీత. రెండు గీతల నడిమి బిందువే పిస్టన్ పరమోచ్చ స్థానం.

కుర్చీలో కూర్చుని చూస్తున్న వృద్ధుడు ముందుకు వంగాడు. “ఇది దిక్సాధన కదయ్యా!”

కాత్యాయన శుల్బసూత్రంలో చెప్పిన విధానమది. సమతల భూమిపై శంకువును నాటి, దాని చుట్టూ వృత్తం గీస్తారు. పూర్వాహ్ణంలో నీడ కొస వృత్తాన్ని తాకిన బిందువు ఒకటి, అపరాహ్ణంలో తాకిన బిందువు మరొకటి; వాటిని కలిపితే తూర్పు పడమరల రేఖ. మధ్యాహ్నపు నీడను సూటిగా ఎందుకు కొలవరంటే, ఆ వేళ నీడ పొడవు కదిలీ కదలనట్టు ఉంటుంది. అది ఏ క్షణంలో కనిష్ఠమైనదో కన్ను నిర్ణయించలేదు. పిస్టన్ కూడా శిఖరం వద్ద అంతే. క్రాంక్ కొన్ని డిగ్రీలు తిరిగినా అది కదలినట్టే తోచదు. ఎన్నో ఆలయాలకు దిక్కులు సాధించిన ఆయన, ఇంజను గూర్చి ఏమీ తెలియకపోయినా, మేస్త్రి చేతిపనిని చూసిన వెంటనే గుర్తించాడు.

“మా గురువుగారు నేర్పారు పంతులుగారూ, పేరు నాకు తెలియదు,” అన్నాడు మేస్త్రి.

పుల్లీపై ఉన్న గంటు ఆ నడిమి బిందువుతో సరిపోయింది. ఆ గురుతు సత్యమే. తరువాత బోల్టు తీసి, రాకర్ కవర్ విప్పి, మొదటి సిలిండరు దహనస్థానంలో ఉండేటట్టు క్రాంక్‌ను నిలిపి, నాలుగవ సిలిండరు వాల్వులు, అంటే చివరి రెండూ, చూపించాడు. అక్కడ ఎగ్జాస్ట్ మూసుకోవడం, ఇన్‌లెట్ తెరుచుకోవడం ఆ సంధిలోనే జరగాలి. రెండూ ఇంచుమించు సమంగా ఊగాలి. ఎగ్జాస్ట్ ఇంకా బాగా తెరిచే ఉన్నది. ఇన్‌లెట్ కదలడం మొదలుపెట్టలేదు. క్యామ్ వెనుకబడింది. అందువల్లనే ఇన్‌లెట్ ఆలస్యంగా మూసుకుని, లోపలికి వచ్చిన మిశ్రమం కొంత తిరిగి కార్బురేటర్‌లోకి పోతున్నది.

రేడియేటరు దించి టైమింగ్ కవర్ తీశారు. స్కేలు పెట్టగా చుక్కలు రెండూ కేంద్రరేఖపై నిర్దుష్టంగా ఉన్నాయి. ఉపాధ్యాయుని ముఖంలో ఒక క్షణం విజయం మెరిసింది. శాస్త్రం చదివినవారికే ఈ వ్యాధి ఎక్కువ. మేస్త్రి వాదించలేదు. పాత క్యామ్ చక్రం కావాలన్నాడు. అదృష్టవశాత్తు దానిని పాత ఇనుముకు వేయలేదు, గోనెసంచిలో ఉన్నది. కొత్తదానిపై పాతదానిని పెట్టి, షాఫ్టు తాళపు గాళ్లు రెండింటినీ కలిపాడు. పళ్లు పళ్లపై సరిగ్గా కూర్చున్నాయి. చుక్కలు కూర్చోలేదు. కొత్తదానిపై చుక్క ఒక పన్ను పక్కన ఉన్నది.

చక్రానికి 40 పళ్లుంటే ఒక పన్ను 9 డిగ్రీలు. క్యామ్ ఒక డిగ్రీ తిరిగితే క్రాంక్ రెండు తిరుగుతుంది కనుక అక్కడ 18. ఈ లెక్క ఉపాధ్యాయుడే చేశాడు, మెల్లగా, పైకే. తరువాత, “ఆనాడు నేనన్న మాట తప్పు మేస్త్రీ,” అన్నాడు.

“ముందు గొలుసు పట్టుకోండి మాస్టారూ, జారుతోంది.”

మేస్త్రి పాతచుక్క ఉండవలసినచోట కొత్త చక్రంపై సూదిమొనతో గీత గీశాడు. గొలుసు తొడిగిన తరువాత కూడా ఆ గీతను నమ్మలేదు. క్రాంక్‌ను రెండు ఆవృత్తులు తిప్పి చివరి వాల్వులు రెండూ సమంగా ఊగడం చూసిన పిమ్మటనే కవర్ బిగించాడు. డిస్ట్రిబ్యూటర్‌ను అంతా అయ్యాక సరిచేశాడు.

శాంతి నాటి ఉదయం మేస్త్రి ముందు సీటులో కూర్చున్నాడు. అది తండ్రి ఆజ్ఞ. గట్టు మీదికి ఎక్కుతుండగా వెనుకనుండి ఆయన అడిగాడు: “ఏ గేరు?”

“రెండు, నాన్నగారూ.”

“ఊఁ,” అన్నాడాయన, కిటికీలోంచి నీటివైపు చూస్తూ.