పక్షివిశేషము

నిఘంటువులు తిరగేసే అలవాటున్నవారికి ఈ మాట చిరపరిచితం. చకోరము అన్న పదం దగ్గర చూడండి: పక్షివిశేషము. చాతకము: పక్షివిశేషము. క్రౌంచము: అదీ పక్షివిశేషమే. ముప్పైఆరేళ్ళు తెలుగు పండితుడిగా బడిలో పాఠం చెప్పిన నేను ఈ ఒక్క అర్థంతోనే నెట్టుకొచ్చాను. "ఏ పక్షి సార్?" అని ఎవడైనా లేచి అడిగితే, "కవులు చెప్పిన పక్షిరా, కూర్చో" అనేవాణ్ణి. పరీక్షలో ఆ ప్రశ్న రాదు కనుక వాడూ కూర్చునేవాడు.

అటువంటి నాకు అరవైఆరో ఏట, 2024 ఫిబ్రవరిలో, మెడలో దుర్భిణి వేలాడదీసుకొని కెన్యా దేశంలో తిరిగే యోగం పట్టింది. మా అమ్మాయీ అల్లుడూ నైరోబీలో ఉద్యోగాలు చేస్తున్నారు. మనుమణ్ణి చూడడానికి వెళ్ళాము. మా ఆవిడ వాడితో హాయిగా కాలక్షేపం చేస్తూ ఉండిపోయింది. నేను మాత్రం ఇంట్లో కూర్చుని అందరి పనుల్లోనూ తప్పులు పట్టడం మొదలుపెట్టాను. "నాన్నా, మీరు ఓ పదిరోజులు పక్షుల్ని చూసి రండి" అని అమ్మాయి ఒక పర్యటన బృందంలో నన్ను చేర్పించింది. పక్షుల మీది మక్కువతో వెళ్ళానని చెప్పుకుంటే అబద్ధమవుతుంది.

మా వెంట వచ్చిన మార్గదర్శకుడికి నలభై ఏళ్ళుంటాయి. నేను ఉపాధ్యాయుణ్ణని తెలిసిన క్షణం నుంచి నన్ను "మ్వాలిము" అని పిలవసాగాడు. స్వాహిలీ భాషలో గురువని అర్థం. టాంజానియా తొలి అధ్యక్షుడు జూలియస్ న్యెరెరేను ఆ దేశప్రజలు ఆ మాటతోనే పిలుచుకున్నారు, ఆయనా బడిపంతులే. అదే భాషలో పక్షిని 'న్‌దెగె' అంటారు, విమానాన్నీ అదే మాటతో పిలుస్తారు. వినగానే నాకు మన 'ఖగము' గుర్తుకువచ్చింది. 'ఖ' అంటే ఆకాశము, 'గ' అంటే పోవునది. పక్షి, బాణము, సూర్యుడు, గ్రహము, అన్నింటికీ ఆ ఒక్క మాటే చాలు సంస్కృతంలో. ఈ సంగతి చెబితే అతడు బండి ఆపి మరీ విన్నాడు. నా మాటలు అంత శ్రద్ధగా విన్న శిష్యుడు నాకు సర్వీసులో తారసపడలేదు.

మొదట రిఫ్ట్ లోయలోని సరస్సులు చూశాము. నకురు సరస్సులో ఒకప్పుడు లక్షలుగా ఉండే రాజహంసలు, గత దశాబ్దంలో నీటిమట్టం పెరిగి క్షారం పలచబడ్డాక చాలావరకు ఉత్తరాన ఉన్న బొగోరియాకు తరలిపోయాయట. బొగోరియా ఒడ్డున వేడినీటి ఊటలు కుతకుతమంటూ ఎగజిమ్ముతున్నాయి. యాత్రికులు వాటిలో కోడిగుడ్లు ఉడకబెట్టుకుంటున్నారు. ఆ ఆవిరి వెనుక, సరస్సు అంచు పొడుగునా గులాబీరంగు గీత. అదంతా పక్షులే. పులికాట్‌లో చూసినవాటికంటే ఇవి చిన్నజాతి. ముక్కును తలకిందులుగా నీళ్ళలో ముంచి, నాలుకతో నీటిని లోపలికీ బయటికీ ఆడించి, అందులోని స్పైరులినా నాచును మాత్రం వడగట్టుకుంటాయి. వాటి రంగు ఆ నాచు పెట్టిన భిక్షే. నీటినీ పాలనూ వేరుచేసే హంస కథ ఇక్కణ్ణుంచే పుట్టిందని చెప్పాలని నా నాలుక దురద పెట్టింది గానీ, ఆధారం లేని వ్యుత్పత్తులు చెప్పి జీవితంలో ఇప్పటికే చాలా పాపం మూటగట్టుకున్నాను. ఊరుకున్నాను.

అక్కణ్ణుంచి పడమటగా వెళ్తే కకమెగా అరణ్యం. మధ్య ఆఫ్రికా మహారణ్యాలకు కెన్యాలో మిగిలిన తూర్పుకొస అది. అడవిలో పక్షిని చెవితో వెతకాలి, కంటితో కాదు. నా చెవులకు సన్నని ధ్వనులు అందడం మానేసి చాలాకాలమైంది. తక్కినవారంతా ఒక్కసారిగా తలలెత్తితే నేనూ ఎత్తేవాణ్ణి. అయినా ఒకటి మాత్రం నన్ను వదిలిపోకుండా అత్తిచెట్టు కొమ్మ మీద నిలబడింది. ఊదారంగు ఒళ్ళు, పసుపుపచ్చని ముక్కు, నెత్తిన నెత్తుటి రంగు సిగ. రాస్ టురాకో అన్నాడు మార్గదర్శకుడు. రెక్క విప్పితే లోపలా అదే ఎరుపు. ఆ ఎర్రరంగు ద్రవ్యంలో నిజంగానే రాగి ఉంటుందని రసాయన శాస్త్రజ్ఞులు పందొమ్మిదో శతాబ్దంలోనే తేల్చారట. మన కోశకారులు కోడిపుంజును తామ్రచూడము అన్నారు, రాగిసిగ కలదని. పాపం, పుంజుకు రాగి లేదు. ఆ బిరుదుకు అసలు హక్కుదారు కకమెగాలో అత్తిపండ్లు తింటున్నది.

చివరగా మసాయి మారా. కనుచూపు మేర పసుపుపచ్చని గడ్డి, అక్కడక్కడా గొడుగుల్లాంటి తుమ్మచెట్లు. ఒక ముళ్ళపొదలో నలుపూ తెలుపూ రంగుల్లో జుట్టుపిట్ట కనబడింది. అదే చాతకం! వర్షాకాలంలో ఉత్తర భారతానికి వచ్చే చాతకాలు తూర్పు ఆఫ్రికా నుంచే సముద్రం దాటి వస్తాయని శాస్త్రజ్ఞులంటారు. దక్షిణాదిలో ఏడాది పొడుగునా ఉండేవీ ఉన్నాయట; అంటే నేను పాఠం చెబుతున్నప్పుడు కిటికీ బయటనే ఉండి ఉండవచ్చు. వానచినుకు తప్ప వేరేదీ ముట్టదని ఇన్నేళ్ళు చెప్పిన ఆ మహాభిమాని, నా కళ్ళముందే ఒక గొంగళిపురుగును కొమ్మకేసి బాది మింగింది.

ఆ నవ్వు ఇంకా ఆగకముందే బండి ఆగింది. "మ్వాలిము, కుడివైపు" అన్నాడతడు.

గడ్డిలో ఒక పక్షి నడుస్తున్నది. పక్షి అనడానికి నోరు రాలేదు, అంత పెద్దది. బూడిదరంగు మెడ నిక్కబొడుచుకొని, నెత్తిన నల్లని సిగతో, ఒక్కొక్క అడుగూ ఆలోచించి వేస్తూ నడుస్తున్నది. కోరి బస్టర్డ్. పోతుపక్షి 18 కిలోల దాకా తూగుతుంది, ఎగిరే పక్షులలో అతి బరువైనవాటిలో ఒకటి. అందరూ కెమెరాలు తీశారు. నాకు మాత్రం చేతిలోని దుర్భిణి బరువెక్కింది.

1984లో నేను నందికొట్కూరు ప్రాంతంలోని ఒక బడిలో పనిచేసేవాణ్ణి. ఎనిమిదో తరగతికి 'నాకు నచ్చిన పక్షి' అని వ్యాసం ఇచ్చాను. అందరూ చిలుకనో నెమలినో పట్టుకున్నారు. ఒక పిల్లవాడు మాత్రం 'బట్టమేక' అని శీర్షిక పెట్టాడు. మనిషి నడుము దాకా ఉంటదనీ, నెత్తిన నల్లటోపీ పెట్టినట్టుంటదనీ, బయలునేల మీద ఒకటే గుడ్డు పెడుతుందనీ, వాళ్ళ నాయన సేద్యం చేసేటప్పుడు ఆ చోటు వదిలి చుట్టూ గొర్రు తోలుతాడనీ రాశాడు. నేను తరగతిలో బిగ్గరగా చదివి, "బట్ట ఏమిటి, మేక ఏమిటి? ఇది ఏ కావ్యంలో ఉందిరా?" అన్నాను. అందరూ నవ్వారు. ఎర్రసిరాతో అడ్డంగా కొట్టి, కింద 'మయూరమును గూర్చి వ్రాయుము' అని వ్రాశాను. వాడు బల్ల దగ్గరికి వచ్చి, "మా చేనుకాడ నిజంగా ఉంది సార్. ఐతారం రాండి, చూపిస్తా" అన్నాడు. ఆ చేను మా బడికి నాలుగు మైళ్ళు. నేను వెళ్ళలేదు.

1988లో ఆ దాపునే రోళ్ళపాడులో ఆ పక్షి కోసమే అభయారణ్యం ఏర్పాటైంది. ఎక్కడెక్కడివారో వచ్చి చూసిపోయారు. అప్పటికి నాకు బదిలీ అయింది. నెమలిని జాతీయపక్షిగా ప్రకటించిన 1963కు ముందు సలీం అలీ వంటి పక్షిశాస్త్రవేత్త ఆ గౌరవం బట్టమేకకే ఇవ్వాలన్నాడని తర్వాతెప్పుడో చదివాను. దాని ఇంగ్లీషు పేరు వర్ణక్రమం తప్పితే తిట్టవుతుందన్న జంకు కూడా అది తప్పిపోవడానికి ఒక కారణమని చెప్పుకుంటారు. వర్ణక్రమ దోషాలు దిద్ది బ్రతికినవాణ్ణి, ఈ మాట విని నవ్వాలో లేదో నాకు తెలియలేదు.

2019లో, రిటైరయ్యాక, ఒకసారి రోళ్ళపాడు వెళ్ళాను. కృష్ణజింకలు గుంపులుగా కనబడ్డాయి. అక్కడి కాపలాదారు "ఇప్పుడేడ సార్, లేవు" అన్నాడు. మెట్టనేలలకు నీళ్ళు వచ్చాయి, పైర్లు మారాయి, పచ్చికబయళ్ళు తరిగాయి. దేశం మొత్తం మీద ఆ జాతి 150 లోపే మిగిలిందంటారు, అవీ ఎక్కువగా రాజస్థాన్‌లోనే. అక్కడ కరెంటు తీగలకు తగిలి చస్తున్నాయి.

మారాలో ఆ పక్షి గడ్డి మధ్య ఆగి మావైపు చూసింది. తీరిక దొరికిన మార్గదర్శకుడు అలవాటుగా నా పక్కకు వచ్చాడు. "మీ దేశంలో దీని చుట్టం ఒకటి ఉంది కదా. మీ భాషలో ఏమంటారు మ్వాలిము?"

నాకు తెలిసిన సంస్కృతమంతా ఒక్కసారి వెతికాను. ఏమీ దొరకలేదు.

"బట్టమేక" అన్నాను.

అతడు జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. రెండు టకారాలు పలకడం రాక నాచేత మూడుసార్లు చెప్పించుకొని, తన లిపిలో వ్రాసుకొని, సరిగా ఉందేమో చూడమని నా చేతికిచ్చాడు. తప్పుంది. దిద్దకుండా తిరిగి ఇచ్చేశాను.

నైరోబీకి తిరిగివచ్చిన నాటి నుంచి ఆ పిల్లవాడి పేరు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నాను. ఇప్పుడు యాభై దాటి ఉంటాడు. కిటికీ పక్కన మూడో వరుసలో కూర్చునేవాడు. హాజరుపట్టీలో పదకొండో పేరో, పన్నెండో పేరో.