ఫ్రెంచి సముద్రం, మన వైపుది

మా ఆఫీసులో ఎవరికి పెళ్ళైనా, ప్రమోషనొచ్చినా, ఆన్‌సైట్ అయిపోయాక వీసా ఇంకో రెండు వారాలు మిగిలినా, పుట్టే ఆలోచన ఒకటే. యూరప్ టూరు. ఏడ్రోజులు, ఐదు దేశాలు. అందులో ఫ్రాన్సుకి రెండ్రోజులు. ఈఫిల్ టవర్ దగ్గరొక ఫోటో, నీస్‌లో సముద్రం ముందొక ఫోటో. తిరిగొచ్చాక "ఎలా ఉందిరా" అంటే "బీచ్ అంతా గులకరాళ్ళే మామా, మన వైజాగే నయం" అంటారు. గులకరాళ్ళ మాట నిజమే. కాకపోతే ఫ్రెంచి సముద్రమంటే నీస్ ఒక్కటే అనుకోవడం దగ్గరే నాకు పేచీ.

2013లో ఓ ఆర్నెల్లు సోఫియా ఆంతిపోలిస్‌లో పని చేశాను. నీస్‌కి పడమటి వైపు, ఆంతీబ్ ఊరి వెనక కొండల మీద, 1969లో మొదలెట్టిన టెక్నాలజీ పార్కు అది. మన హైటెక్ సిటీకి ఓ ముప్పై ఏళ్ళ ముందు పుట్టిన పెద్దన్నయ్య అనుకోండి. వారమంతా టెస్ట్ కేసులు, డిఫెక్ట్ కాల్సు. శని, ఆదివారాల్లో చెయ్యడానికి ఏమీ ఉండేది కాదు. కారు లేదు. ఫ్రెంచి రాదు. మిగిలిన దారల్లా రైలే. ఆంతీబ్‌లో ఎక్కితే సముద్రాన్ని ఆనుకునే ఇటలీ సరిహద్దు దాకా పోతుంది. ఏ స్టేషన్లో దిగినా పది నిమిషాల్లో నీళ్ళ దగ్గరుంటాం. అలా ఒక్కో వారం ఒక్కో ఊరు దిగేవాడిని. ప్లానూ గట్రా ఏమీ లేదు, స్టేషన్ పేరు చదవడానికొస్తే చాలు.

విల్‌ఫ్రాంష్ అని ఉంది. పేరుకి 'సుంకం లేని ఊరు' అని అర్థం. ఇళ్ళ కిందనుంచి పోయే వీధి ఒకటుంది అక్కడ, పదమూడో శతాబ్దానిదట, పట్టపగలు కూడా చీకటే. రేవు దగ్గర జాలర్ల గుడి ఒకటి, చాలాకాలం వలలు దాచుకునే కొట్టుగా వాడారు. 1957లో జాఁ కాక్టో అనే కవిగారు దాని గోడల నిండా బొమ్మలేసి పెట్టాడు. అన్నిటికంటే చివర మెంటన్. నిమ్మకాయల ఊరు. ఫిబ్రవరిలో నిమ్మకాయలతో, నారింజలతో మనుషులకంటే ఎత్తైన బొమ్మలు కట్టి పండగ చేస్తారు. ఆ ఊళ్ళోనూ, నీస్ పాత పేటలోనూ సోక్కా అని అమ్ముతారు. ఏమిటా అని నోట్లో పెట్టుకుంటే... శనగపిండి అట్టు! శనగపిండి, నీళ్ళు, ఉప్పు, ఆలివ్ నూనె. ఇంత పెద్ద రాగి పళ్ళెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. పచ్చిమిరపకాయ ఒక్కటే తక్కువ. ఆర్నెల్లు బ్రెడ్డు తిన్నవాడికి అదెంత సంతోషమో అనుభవిస్తేగాని తెలీదు.

కానీ నన్ను నిజంగా కట్టిపడేసింది ఓ నడక బాట. మెంటన్ పక్కన కాప్ మార్టిన్ అని సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండకొమ్ము ఉంది. పైనంతా కోటీశ్వరుల బంగళాలు, గేట్లు, కెమెరాలు. ఆ గోడలకీ నీళ్ళకీ మధ్య, రాళ్ళ మీదుగా సన్నటి బాట పోతుంటుంది. దాన్ని 'కస్టమ్స్ వాళ్ళ బాట' అంటారు. పూర్వం దొంగ సరుకు దింపేవాళ్ళని పట్టుకోడానికి సుంకం బంట్రోతులు గస్తీ తిరిగిన దారి. 1976లో చట్టం చేసి, సముద్రం పక్కన ఎవరి స్థలమైనా సరే జనం నడవడానికి మూడు మీటర్లు వదలాలన్నారు. 1986లో ఇంకో చట్టం, ఊరు లేని చోట ఒడ్డునుంచి వంద మీటర్ల దాకా కొత్త కట్టడాలు కూడదని. అందువల్ల నాలాంటి ఏడీ దారినపోయే దానయ్య కూడా చేతిలో సోక్కా పొట్లం పట్టుకుని ఆ కోటీశ్వరుల కిటికీల కిందుగా దర్జాగా నడిచిపోవచ్చు. అదే బాట పక్కన పన్నెండడుగుల చదరం చెక్క గది ఒకటి కనబడుతుంది. చండీగఢ్ కట్టిన లె కార్బూజియే తన కోసం కట్టుకున్న గది. 1965లో అక్కడే ఈతకి దిగి పోయాడు. 2016లో యునెస్కో వాళ్ళు ఆ చెక్క గదినీ, చండీగఢ్ కాపిటల్ కాంప్లెక్సునీ ఒకే జాబితాలో చేర్చారు.

ఇది చెప్తే మావాళ్ళు "ఫ్రాన్సు కాబట్టి చెల్లింది" అని కొట్టిపారేస్తారు. నేనుండేది తొండుపల్లిలో. విమానాశ్రయం 2008లో వచ్చింది, ఆ తర్వాత మేమూ వచ్చాం. బాల్కనీలో నిలబడితే విమానం చక్రాలు లెక్కపెట్టొచ్చు. ఇక్కడికి దగ్గర్లోనే హిమాయత్‌సాగర్ ఉంది. 1908 మూసీ వరద తర్వాత, మళ్ళీ అంతటి ఉపద్రవం రాకుండా కట్టిన చెరువు. 1927 నుంచీ ఉంది. దాని ఒడ్డున ఓ గంట సేపు ఆగకుండా నడవండి చూద్దాం. ఓ ఫాంహౌసు గోడ, ఓ కన్వెన్షన్ హాలు గోడ, ఓ ముళ్ళ కంచె, "మీరెవరు సార్" అని ఓ వాచ్‌మన్. నీళ్ళు ఎవరివో కాస్త చూపించండయ్యా అనడానికి ఓ మూడు మీటర్ల హక్కు మనకి లేదు. సముద్రానికైతే 1991 నుంచి తీర నియంత్రణ నిబంధనలున్నాయి. అవి ఎక్కువగా ఏది కట్టొచ్చు, ఏది కట్టకూడదు అన్న లెక్కలే.

సరే, ఆ గొడవ ఇంకోసారి. అసలు సంగతి యానాం.

మాది కాకినాడ వైపు. అమ్మమ్మగారిది తాళ్ళరేవు. యానాం పక్కనే. చిన్నప్పుడు మాకు యానామంటే చవక పెట్రోలు, ఇంకాస్త పెద్దయ్యాక చవక మందు. అంతకుమించి తెలుసుకోవాలన్న ధ్యాసే ఉండేది కాదు. ఫ్రాన్సులో ఓ సహోద్యోగి నీ ఊరెక్కడా అంటే మ్యాపులో చూపించాను. "యానాఁవ్! స్కూల్లో చదువుకున్నాం" అన్నాడు. వాళ్ళ పిల్లలు బళ్ళో ఐదు పేర్లు బట్టీ పట్టేవారట: పాండిచ్చేరి, కారైకాల్, యానాం, మాహే, చందర్‌నగర్. మనం చవక మందు అనుకుంటున్న ఊరు అక్కడ పాఠ్యపుస్తకంలో ఉంది.

1723లో ఫ్రెంచి కంపెనీ అక్కడ కొట్టు తెరిచింది. గిట్టుబాటు కాక 1727లో మూసేసి, 1731లో మళ్ళీ తెరిచింది. (ప్రాజెక్టు క్లోజ్ చేసి రీఓపెన్ చెయ్యడం మనమే కనిపెట్టామనుకున్నాను.) పక్కనే ఇంజరంలో ఇంగ్లీషువాళ్ళ కొట్టు. అందరికీ కావలసింది మన నేతగుడ్డ. కాస్త అవతల కోరంగి, ఓడలు కట్టే రేవు. 1789లో ఓసారి, 1839లో మరోసారి సముద్రం మీదికొచ్చి తుడిచిపెట్టేసింది. 'సైక్లోన్' అన్న మాట పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ రాసినవాటిలో ఆ 1789 కోరంగి తుఫాను కూడా ఉంది. బర్మాలో తెలుగువాళ్ళని 'కోరంగీలు' అనేవారు, ఈ రేవులో ఓడెక్కి వచ్చినవాళ్ళని. యానాం నుంచి 1828లోనే రీయూనియన్ దీవికి చెరకు తోటల్లో పనికి కూలీల్ని కాగితం రాయించుకుని తీసుకెళ్ళారు. మన ఆన్‌సైట్ కాంట్రాక్టులకి ముత్తాతలన్నమాట. బెంచ్ మీద కూర్చోబెట్టే సదుపాయం ఒక్కటే లేదు.

పోయిన సంక్రాంతికి మా ఆవిడా, అమ్మాయీ, నేనూ గౌతమిలో కాకినాడ దిగి, బస్సులో యానాం వెళ్ళాం. కారులో వెళ్తే దారి కనబడదని నా వాదన. కోరంగి మడ అడవులు దాటాక తాళ్ళరేవు, ఆ తర్వాత కాసేపటికే పుదుచ్చేరి బోర్డు. మొత్తం ఊరు 30 చదరపు కిలోమీటర్లు. 2011 లెక్కల్లో 55 వేల పైచిలుకు జనం. చుట్టూ ఆంధ్ర. వీళ్ళు ఓటేసే అసెంబ్లీ మాత్రం ఎనిమిదొందల కిలోమీటర్ల అవతల, ముప్ఫై మందిలో ఒక్క ఎమ్మెల్యే.

ఫ్రాన్సు కనిపిస్తుందా అంటే, పుదుచ్చేరిలోలాగా పసుపు గోడల వీధులేమీ ఉండవు. 1846లో కట్టిన సెయింట్ ఆన్స్ చర్చి ఉంది, లోపలి సామాను చాలామటుకు ఫ్రాన్సు నుంచే తెచ్చారు. 'అడ్మినిస్ట్రేటర్' అన్న ఉద్యోగం పేరు ఇంకా ఉంది. ఈఫిల్ టవర్‌కి తమ్ముడిలా నూరు మీటర్ల టవరొకటి ఈమధ్య కట్టింది. దాని గురించి నేనేమీ మాట్లాడను. నాకు నచ్చింది గౌతమి గట్టు. రాజీవ్ బీచ్ అంటారు గానీ అది నది. సముద్రం ఇంకా కిందికి. సాయంత్రం ఊరు ఊరంతా అక్కడే. మిరపకాయ బజ్జీలు, పిల్లలు, ముసలమ్మలు. ఎదురుగా ఎదుర్లంక వంతెన, 2002లో వచ్చింది, బాలయోగి పేరు పెట్టారు. అంతకుముందు పంటు మీద దాటేవాళ్ళం. నీళ్ళకీ మనకీ మధ్య గోడ లేదు, టిక్కెట్టు లేదు. మెంటన్ తర్వాత మళ్ళీ అలా నడిచింది ఇక్కడే.

అలాగని ఫ్రెంచి పాలన గురించి పులకించిపోయేవాళ్ళ బాపతు కాదు నేను. బ్రిటిషు ఇండియాలో శారదా చట్టం 1930లో అమల్లోకొచ్చింది. చిన్నపిల్లలకి పెళ్ళి చేస్తే శిక్ష. యానాంలో ఆ చట్టం లేదు. అంచేత ఇటువైపు పెద్దమనుషులంతా పిల్లల్ని తీసుకుని అటెళ్ళి పెళ్ళిళ్ళు చేసుకొచ్చేవారు. కల్యాణపురం అని పేరే పడిపోయింది. మా అమ్మమ్మ అక్కగారి పెళ్ళి అక్కడే చేశారు, ఎనిమిదేళ్ళప్పుడు. ఆవిడకి గుర్తున్నదల్లా పడవలో నిద్రపోవడం, లేపి తలంబ్రాలు పోయించడం. యానాం మంగళవారం సంతలో సీమ సరుకు ఎంత బాగుండేదో అని మా తాతయ్యలు చెప్పుకుంటుంటే ఆవిడ లేచి లోపలికెళ్ళిపోయేది. సరిహద్దు అంటే కొందరికి సుంకం లేని సెంటు సీసా, కొందరికి ఇది.

మెంటన్‌కీ యానాంకీ ఇంకో చుట్టరికం ఉంది. మెంటన్ ఒకప్పుడు మొనాకో ప్రభువుది. 1848లో తిరగబడి విడిపోయింది. 1861లో ఆ ప్రభువు నలభై లక్షల ఫ్రాంకులు పుచ్చుకుని దాన్ని ఫ్రాన్సుకి రాసిచ్చేశాడు. నీస్ కూడా 1860లో ఓటేసి ఫ్రాన్సులో కలిసినదే. యానాం ఉల్టా. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య ముందుండి ఫ్రెంచి పాలనని దింపేశారు. ఈయన అంతకుముందు ఫ్రెంచి పోలీసే. అక్టోబర్ 18న కీళూరులో పుదుచ్చేరి, కారైకాల్ ప్రతినిధులు 178 మందిలో 170 మంది భారత్‌కి ఓటేశారు. నవంబర్ 1న అధికారం చేతులు మారింది. కాగితాల మీద మాత్రం 1962 ఆగస్టు 16 దాకా పట్టింది. ఒప్పందం 1956లోనే రాసుకున్నా, ఫ్రెంచి పార్లమెంటు ముద్ర పడాలిగా! ఆ ఒప్పందంలో ఓ క్లాజుంది. ఊళ్ళో ఉన్న ఫ్రెంచి పౌరులంతా తమంతట తామే భారతీయులైపోతారు. వద్దనుకున్నవాళ్ళు ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా చెప్తే ఫ్రెంచివాళ్ళుగానే ఉండొచ్చు.

గట్టు మీద బజ్జీలు తింటుంటే పక్కన కూర్చున్న పెద్దాయన మాట కలిపారు. ఎనభైకి దగ్గర్లో ఉంటారు. నేను ఫ్రాన్సులో పనిచేశానని చెప్పగానే ఈ క్లాజు సంగతి ఆయనే ఎత్తారు.

"మా పెదనాన్న ఫ్రెంచి సైన్యంలో చేశాడండి, ఇండోచైనా వెళ్ళొచ్చాడు. ఆయన కాగితం పెట్టేశాడు. మా నాన్న పెట్టలేదు."

"ఎందుకండీ?"

"నాన్న పడవలు కట్టే మేస్త్రీ బాబూ. తాళ్ళరేవులో పని. కాగితం పెడితే రేపు తాళ్ళరేవు వెళ్ళడానికి కూడా అడగాలేమోనని భయపడ్డాడు. దగ్గరే అనుకోండి, దేశం దేశమే కదా."

అమెరికాలో మా బ్యాచ్‌వాళ్ళు సగం మంది గ్రీన్ కార్డు క్యూలో పదిహేనేళ్ళ నుంచి ఉన్నారు. వీసా స్టాంపింగు భయంతో నాన్న కార్యానికి కూడా రాలేకపోయినవాడున్నాడు అందులో. ఇక్కడ ఒకాయన ఇంటి గుమ్మం దాకా వచ్చిన యూరప్ పౌరసత్వాన్ని పడవల పని కోసం వదిలేసుకున్నాడు. "ఎప్పుడైనా అనుకున్నారాండీ, పెట్టుంటే బాగుండేదని?" అని అడిగాను. అడిగాక ఇబ్బందిగా అనిపించింది గానీ ఆయనేమీ అనుకోలేదు.

"నాన్న అనుకోలేదండి. నేననుకున్నాను, '86 గోదారొచ్చి ఇల్లు మునిగినప్పుడూ, '96 తుపానప్పుడూ. మావాడైతే రోజూ అనుకుంటాడు. హైదరాబాదులో మీ కంప్యూటర్ల పనే."

ఆ '96 నవంబర్ తుఫానులో ఈ చుట్టుపక్కల వెయ్యిమందికి పైగా పోయారు. మా తాళ్ళరేవు ఇంటి కొబ్బరిచెట్లు అన్నీ పడిపోయాయి. కాసేపు ఇద్దరం దాని గురించే మాట్లాడుకున్నాం.

పెదనాన్నగారి మనవడు పోయినేడాది పారిస్ నుంచి వచ్చాడట, తాత పుట్టిన ఊరు చూద్దామని. మూడ్రోజులున్నాడట. తెలుగు ఒక్క ముక్క రాదు. ఈయనకి చిన్నప్పుడు బళ్ళో నేర్చుకున్న ఫ్రెంచిలో బోంజూరూ, ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలూ మిగిలాయి. అన్నదమ్ముల మనవడూ కొడుకూ ఇదే గట్టు మీద కూర్చుని రాత్రి పదింటిదాకా ఇంగ్లీషులో కబుర్లు చెప్పుకున్నారట.

"ఏం మాట్లాడుకున్నార్రా అంటే, జీతాల గురించి అన్నాడండి మావాడు."