మబ్బు గుర్తున్న ఫైళ్లు

వన్‌డ్రైవ్ వాడేవాళ్లు ఒక్కసారి ఫైళ్ల పక్కనున్న గుర్తు చూడండి. ఆకుపచ్చ టిక్కు ఉంటే ఫైలు మీ కంప్యూటర్లో ఉన్నట్టు. నీలం మబ్బు ఉంటే అక్కడున్నది పేరు మాత్రమే, అసలు ఫైలు క్లౌడ్‌లో ఉంది. హార్డ్ డిస్క్‌లోకి రోజూ దానంతటదే బ్యాకప్ అవుతోంది కదా అని మనం నిశ్చింతగా ఉంటాం. కానీ కొన్ని బ్యాకప్ ప్రోగ్రాములు ఆ మబ్బు ఫైళ్లను వదిలేసి పోతాయి. మ్యాక్‌లోనూ అంతే, ఐక్లౌడ్ నుంచి కంప్యూటర్లోకి దిగని ఫైళ్లు దాని బ్యాకప్ ప్రోగ్రామ్ టైమ్ మెషీన్‌కి చేరవు.

సింక్ ఉందిగా, మళ్లీ బ్యాకప్ ఎందుకంటారు చాలామంది. నాకు భయం వేసేది ఆ మాటకే. ఫోన్లో ఎవరో పొరపాటున ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే సింక్ దాన్ని లాప్‌టాప్‌లోనూ తీసేస్తుంది. దాని పనే అది. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులుంటుంది, ఆ తర్వాత పోతుంది. నాన్నగారి పట్టాదారు పాస్‌బుక్ స్కాన్ లేదని మనకు తెలిసేది ఏ ఆర్నెల్లకో, బ్యాంకువాళ్లు అడిగినప్పుడు.

వన్‌డ్రైవ్‌లో ముఖ్యమైన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి 'ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్' పెట్టండి. తర్వాత బ్యాకప్ డిస్క్ తగిలించి, అందులోంచి ఒక ఫొటో నిజంగా తెరుచుకుంటోందో లేదో చూడండి. ఈ ఆదివారమే చూడండి.