పాత ఆటకి మళ్లీ డబ్బు పెట్టాలా?

ఎడ్మంటన్‌కి కొత్తగా వచ్చే తెలుగువాళ్లకి మేమందరం చలి గురించే చెబుతాం. మంచి జాకెట్ ఎక్కడ కొనాలి, కారుకి బ్లాక్ హీటర్ ఎందుకు, డిసెంబరులో సాయంత్రం నాలుగుంబావుకే పొద్దుగూకితే దిగులు పడకుండా ఏం చెయ్యాలి అని. నాకు మాత్రం ఇంకో మాట కూడా చెప్పాలనిపిస్తుంది. బాల్డర్స్ గేట్ అనే కంప్యూటర్ ఆట పుట్టింది ఈ ఊళ్లోనే. యూనివర్సిటీ ఆఫ్ ఆల్బర్టాలో వైద్యం చదివిన రే మ్యూజికా, గ్రెగ్ జెస్‌చుక్ మరికొందరితో కలిసి 1995లో ఇక్కడ బయోవేర్ అనే సంస్థ స్థాపించారు. 1998 డిసెంబరులో ఆ ఆట వచ్చింది. బయోవేర్ తొలినాళ్ల మనిషి ట్రెంట్ ఆస్టర్ తర్వాత బీమ్‌డాగ్ అనే సంస్థ పెట్టి, అదే ఆటని 2012 నవంబరులో ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ పేరుతో మళ్లీ తెచ్చారు. బీమ్‌డాగ్‌దీ ఈ ఊరే.

2023లో లారియన్ వాళ్ల బాల్డర్స్ గేట్ 3 వచ్చాక మా తెలుగు కుటుంబాల పిల్లలు దాన్ని రాత్రింబవళ్లు ఆడారు. అది అయిపోయాక, ఉగాది వేడుకల్లో భోజనాల దగ్గర నన్ను పట్టుకున్నారు. "ఆంటీ, మొదటి రెండూ కొనాలా? బొమ్మలు బాగుంటాయా?" నా ఈడువాళ్ల ప్రశ్న వేరు. "మనం ఎప్పుడో ఆడేసిందే కదా, మళ్లీ ఇరవై డాలర్లు దేనికి?" రెండు ప్రశ్నలకీ నా జవాబు ఒకటే. కొనండి, కానీ పాత ఆట చెక్కుచెదరకుండా అందులోనో, దాని పక్కనో ఉంటేనే కొనండి.

నేనెందుకింత గట్టిగా చెబుతున్నానో తెలియాలంటే ఆ పాత ఆట ఎలా ఉండేదో చెప్పాలి. విజయవాడలో మా ఇంటికి అది అమెరికా నుంచి పెద్దమామయ్య తెచ్చిన పెట్టెలో వచ్చింది. ఐదు సీడీలు, లావుపాటి పుస్తకం. ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి నడిచి వెళ్తుంటే ఆట ఆగి, ఫలానా సీడీ పెట్టమనేది. తెర 640 బై 480. ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి, ప్రతి గుమ్మం దాటే ముందూ సేవ్ చెయ్యమని అన్నయ్య వెనకనుంచి హెచ్చరిస్తూ ఉండేవాడు. క్యాండిల్‌కీప్ అనే గ్రంథాలయ కోటలో కథ మొదలవుతుంది. పెంచిన తండ్రి గోరియన్ ఆ మొదటి రాత్రే చనిపోతాడు. ఆ తర్వాత ఎవరి మాట నమ్మాలో, ఎవరిని వెంట తీసుకెళ్లాలో మనమే తేల్చుకోవాలి. ఇంగ్లిష్‌లో పేజీలకు పేజీలు ఇష్టంగా చదవడం నాకు అక్కడే అలవాటైంది. తరగతిలో చెప్పిన పాఠాల వల్ల కాదు, ఎదురుగా నిలబడ్డ మాంత్రికుడికి ఏ జవాబిస్తే కత్తి దుయ్యకుండా బయటపడతానో తెలుసుకోవాలి కాబట్టి చదివాను.

ఇప్పుడా సీడీలు ఇవాళ్టి కంప్యూటర్‌లో పెడదామంటే, సీడీ పెట్టే అర ఉన్న కంప్యూటరే ఇంట్లో ఉండదు. ఉన్నా, ఆ ప్రోగ్రామ్ కొత్త విండోస్ మీద సరిగా నడుస్తుందన్న నమ్మకం లేదు. ఇరవై ఏడంగుళాల మానిటర్ మీద 640 బై 480 చిత్రాన్ని సాగదీస్తే మనుషులు అలుక్కుపోయినట్టు కనిపిస్తారు.

ఇక్కడొక సాంకేతిక విషయం ఉంది. రీమాస్టర్, అంటే పాత ఆటకి తెచ్చే ఇలాంటి కొత్త కూర్పు, అనగానే చిత్రాలన్నీ కొత్తగా మెరుస్తాయని చాలామంది అనుకుంటారు. బాల్డర్స్ గేట్‌లో ప్రతి ప్రాంతమూ ఒక్క పెద్ద చిత్రం. అప్పట్లో త్రీడీలో భవనాలూ చెట్లూ కట్టి, వాటిని ఒక కోణంలోంచి బొమ్మగా తీసి, ఆ బొమ్మని ఆటలో పెట్టారు. మళ్లీ ఎక్కువ స్పష్టతతో తియ్యాలంటే మొదట కట్టిన త్రీడీ నమూనాలు కావాలి. బీమ్‌డాగ్ పని మొదలుపెట్టేసరికి ఆ మూలాలు పోయాయి, ఎక్కడా దొరకలేదు. అందుకే కొత్త కూర్పులోనూ నేపథ్య చిత్రాలు పాతవే. పెద్ద తెరకి తగ్గట్టు చుట్టూ ఎక్కువ భాగం కనిపిస్తుంది, మౌస్ చక్రం తిప్పితే దగ్గరికీ దూరానికీ జరుగుతుంది, అంతే. ఇది తెలియక కొన్న పిల్లలు నిరాశ పడతారు. తెలిసి కొంటే ఆ చిత్రాల్లోని చేతిపని కనిపిస్తుంది.

మరి ఆ డబ్బు దేనికి? ఆట ఇవాళ్టి యంత్రాల మీద తడబడకుండా నడిచేలా చేసినందుకు. రెండో భాగానికి వాడిన మెరుగైన ఇంజిన్‌లోకి మొదటి భాగాన్ని ఎక్కించినందుకు. అభిమానులు ఏళ్ల తరబడి ఉచితంగా వెతికి సరిచేసిన తప్పుల పట్టికని తీసుకుని, వాళ్లలో కొందరిని పనిలో కూడా పెట్టుకుని, వందలాది దోషాలు తీసేసినందుకు. ఈ పనులు అభిమానులు తయారుచేసిన మార్పుల మూటలతో, అంటే మోడ్‌లతో, సొంతంగా చేసుకోవచ్చు, నేను చేసుకున్నాను కూడా. మొదటి భాగాన్ని రెండోదాని ఇంజిన్‌లో నడిపే టూటూ, వెడల్పు తెర మోడ్, దోషాల సవరణ మోడ్ ఇవన్నీ సరైన వరుసలో వేసుకోవాలి. ఓపిక, ఖాళీ ఉన్నవాళ్లకి అదొక ఆనందం. ఆఫీసు, పిల్లలు, మంచు ఎత్తడం అన్నీ అయ్యాక ఆట ఆడాలనుకునేవాళ్లకి ఇరవై డాలర్లు న్యాయమైన ధర. అందులో కొంతైనా ఆ పాత తప్పుల్ని వెతికినవాళ్ల జీతంగా మారింది, అది నాకు సంతోషం.

అన్నీ నచ్చాయని మాత్రం చెప్పను. నీరా, రసాద్, డోర్న్ అని ముగ్గురు కొత్త సహచరుల్ని చేర్చారు. వాళ్ల మాటల తీరు 1998 నాటి రచనతో కలవదు. పాతవాళ్లు తక్కువ మాట్లాడి ఎక్కువ గుర్తుండిపోతారు, కొత్తవాళ్లు మనల్ని ఆపి ఆపి తమ కథ చెబుతారు. అధ్యాయాల మధ్య వచ్చే పాత యానిమేషన్ దృశ్యాలు తీసేసి, గీసిన బొమ్మలతో కొత్తవి పెట్టారు. అవి అందంగానే ఉన్నాయి, కానీ తీసేసే హక్కు ఉందా అన్నది నా బాధ. పాతవి కావాలంటే మళ్లీ మోడ్ వెతుక్కోవాలి. పాత్రల చుట్టూ వేసిన నల్లగీతని మాత్రం సెట్టింగ్స్‌లో ఆపేయొచ్చు. ఆట పెట్టుకోగానే నేను చేసే మొదటి పని అదే.

బీమ్‌డాగ్ ఇలాగే మళ్లీ తెచ్చిన ప్లేన్‌స్కేప్ టార్మెంట్ సంగతికి వస్తే నాకు ఏ సందేహమూ లేదు. 1999లో బ్లాక్ ఐల్ చేసిన ఈ ఆట బయోవేర్ ఇంజిన్ మీదే నడుస్తుంది, కానీ దీని ప్రాణం యుద్ధంలో లేదు, చదవడంలో ఉంది. ఎన్నిసార్లు చచ్చినా మళ్లీ లేచే మనిషి ఒకడు శవాగారంలో బల్లమీద కళ్లు తెరుస్తాడు. పేరు గుర్తుండదు. పక్కన మాట్లాడే పుర్రె ఒకటి గాల్లో తేలుతూ ఉంటుంది. తను గతంలో ఎవరికి ఏ అన్యాయం చేశాడో, వాళ్లనీ వీళ్లనీ అడిగి తెలుసుకుంటూ పోతాడు. ఇందులో సుమారు 8 లక్షల మాటలున్నాయని చెబుతారు. అంత పాఠం పాత కూర్పులో ఒకే చిన్న సైజు అక్షరాల్లో ఉండేది. 2017 ఏప్రిల్‌లో బీమ్‌డాగ్ తెచ్చిన కూర్పులో అక్షరాలు పెంచుకోవచ్చు. దాని ప్రధాన రచయిత క్రిస్ అవెలోన్ పాఠాన్ని తిరిగి చూశారు. కొత్త పాత్రలు చేర్చలేదు, కథ ముట్టుకోలేదు. కళ్లద్దాలొచ్చిన వయసులో ఒక మహానవలని పెద్దక్షరాల్లో మళ్లీ అచ్చువేసి చేతికిస్తే ఎంత ఉపకారమో, నాకిది అంత ఉపకారం.

పాతదాన్ని మార్చడం గురించిన ఈ గొడవ సినిమాల్లోనూ ఉంది. మాయాబజార్ సినిమాకి 2010లో రంగులద్దినప్పుడు నేను విజయవాడలోనే ఉన్నాను. ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. అమ్మకి రంగుల్లో చూడటం పండగ, నాన్నగారికి ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే వెలుగునీడల్ని చెరిపేశారన్న కోపం. ఇద్దరూ ప్రశాంతంగా ఉండగలిగింది 1957 నాటి నలుపు తెలుపు కూర్పు కూడా దొరుకుతూ ఉండబట్టే. ఆటల విషయంలో ఆ భరోసా అంత తేలిగ్గా రాదు. కొత్తది అమ్మకానికి పెట్టగానే పాతదాన్ని దుకాణంలోంచి తీసేసే అలవాటు ఈ వ్యాపారంలో ఉంది. పోలండ్‌లో సీడీ ప్రాజెక్ట్ వాళ్లు 2008లో మొదలుపెట్టిన గాగ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో ఇప్పుడు బాల్డర్స్ గేట్ ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ కొంటే పాత ఆట కూడా వస్తుంది. అందుకే కొనేవాళ్లకి నేను ముందుగా గాగ్ పేరు చెబుతాను. అక్కడ దింపుకున్న ఫైలుకి తాళం ఉండదు, డిస్క్‌లో దాచుకోవచ్చు. ఇది చిన్న విషయం కాదు. 2013 వేసవిలో ప్రచురణకర్తతో వచ్చిన ఒప్పంద వివాదం వల్ల ఈ ఎన్‌హాన్స్‌డ్ ఎడిషనే కొన్నాళ్లు అమ్మకాల్లోంచి మాయమైంది. ఆగస్టులో తిరిగొచ్చింది కానీ, తిరిగి రానివి కూడా ఉంటాయి కదా.

పాతదాన్ని నిలబెట్టే పద్ధతుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది 2021లో వచ్చిన డయాబ్లో 2 రిసరెక్టెడ్‌ది. అది కొట్లాట ఎక్కువున్న ఆట, నా అభిరుచికి కాస్త దూరం. అయినా ఆడుతుండగానే ఒక మీట నొక్కితే కొత్త చిత్రం పోయి 2000 నాటి చిత్రం అదే చోట, అదే క్షణంలో కనిపిస్తుంది. 1981 నాటి విజార్డ్రీకి డిజిటల్ ఎక్లిప్స్ 2024లో చేసినదీ అలాంటిదే. కొత్త బొమ్మల అడుగున ఆనాటి యాపిల్ 2 ప్రోగ్రామే నడుస్తుంటుంది, కావాలంటే దాని తెరని ఒక మూలన చూడొచ్చు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఆబ్లివియన్ రీమాస్టర్డ్ చూడ్డానికి కళ్లు చెదిరేలా ఉంది, కానీ అందులో అలాంటి మీట లేదు. 2006 నాటి అడవిలోని ఆ లేత, కలలాంటి పచ్చదనం పోయి మట్టిరంగు వచ్చింది. పాతది ఇంకా విడిగా అమ్ముతున్నారు, ధరా తక్కువే. పిల్లలు అడిగితే ముందు అది ఆడమంటాను.

అన్నయ్య ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్నాడు. చలికాలంలో మాకూ వాళ్లకీ పన్నెండున్నర గంటల తేడా. శుక్రవారం రాత్రి తొమ్మిదికి నేను కూర్చుంటే, వాడికి శనివారం ఉదయం తొమ్మిదిన్నర, చేతిలో కాఫీ. ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్‌లో ఇంటర్నెట్ మీద ఇద్దరం ఒకే బృందాన్ని నడుపుతాం. విజయవాడలో ఒకే కుర్చీ కోసం కొట్టుకున్నవాళ్లకి ఇది ఎంత పెద్ద విషయమో వేరే చెప్పనక్కర్లేదు. "ఒసేయ్ చిన్నీ, ఆ ఫైర్‌బాల్ ఆపవే, ముందు నేనున్నాను!" అని వాడి అరుపు. "పక్కకి జరుగు అన్నయ్యా, ముందే చెప్పాను కదా" అని నేను. ఈ ఆటలో మంట శత్రువుని, సొంతవాళ్లని వేరుగా చూడదు. వదిన పక్కగదిలోంచి టిఫిన్ చల్లారిపోతోందని పిలిచేదాకా ఆడతాం. మామయ్య తెచ్చిన సీడీలు భద్రంగానే ఉన్నాయి, కానీ ఇన్నేళ్ల తర్వాత మా ఇద్దర్నీ ఒక తెర ముందు కూర్చోబెట్టింది కొత్త కూర్పే.

ఇక మా తర్వాతి ఆట, ఐస్‌విండ్ డేల్ 2. మొదటి ఐస్‌విండ్ డేల్‌కి 2014లో ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ వచ్చింది. 2002 నాటి రెండో భాగానికి రాలేదు, ఎందుకంటే దాని సోర్స్ కోడ్ పోయింది. బీమ్‌డాగ్ ఎంత వెతికినా దొరకలేదు. చివరికి రెడ్ కైమెరా అనే అభిమానుల బృందం సోర్స్ కోడ్ లేకుండానే, ఉన్న ఆటనే విప్పి చూసి, తమ సొంత ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్‌ని మోడ్‌గా తయారుచేసి 2021లో ఉచితంగా ఇచ్చింది. అది వేసుకోవాలంటే అసలు ఆట ఉండాలి. గాగ్‌లో అది దొరుకుతోంది. మేమిద్దరం కొనేశాం. ఈసారి అన్నయ్య పాలడిన్ తీసుకున్నాడు, నేను మళ్లీ మాంత్రికురాలినే.