237 నంబర్ గది ఎక్కడ?

రిసెప్షన్‌లో అడగ్గానే ఆమె నవ్వింది. ఇలా అడిగేవాళ్లు చాలామందే ఉంటారనుకుంటా. "237 మా దగ్గర లేదు. 217 ఉంది కానీ, అది దొరకడం కష్టం" అంది.

ఇది అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం. మౌంట్ హుడ్ మీద దాదాపు 6,000 అడుగుల ఎత్తున ఉన్న టింబర్‌లైన్ లాడ్జ్. స్టాన్లీ కుబ్రిక్ 1980లో తీసిన 'ది షైనింగ్' చూశారా? అందులో బయటి నుంచి కనిపించే ఓవర్‌లుక్ హోటల్ ఇదే. స్టీఫెన్ కింగ్ నవలలో దెయ్యం గది నంబర్ 217. సినిమా చూశాక ఆ గదిలో ఎవరూ దిగరేమోనని లాడ్జ్ వాళ్లు నంబర్ మార్చమన్నారట. అలా అసలు లేని 237 తెరమీదికొచ్చింది. తీరా చూస్తే ఇప్పుడు జనం ఏరికోరి 217నే అడుగుతున్నారు!

పోర్ట్‌లాండ్ నుంచి ఇక్కడికి 60 మైళ్లు. హైవే 26 మీద గవర్నమెంట్ క్యాంప్ అనే చిన్న ఊరు దాటి ఎడమకి తిరిగితే, ఆరు మైళ్ల ఘాట్ రోడ్డు. చలికాలంలో వెళ్తే కార్లో టైర్ చైన్లు తప్పనిసరిగా పెట్టుకోండి.

నేను వెళ్లిందే భయపడదామని. లోపల అడుగుపెట్టగానే ఆ ఆశ పోయింది. హాలు మధ్యలో ఆరు పలకల పెద్ద రాతి పొయ్యి. చుట్టూ పిల్లలు హాట్ చాక్లెట్ తాగుతున్నారు. మెట్ల పక్కన పాత కరెంటు స్తంభాల మీద చెక్కిన జంతువుల బొమ్మలు. మహా మాంద్యం రోజుల్లో పనిలేని వాళ్లకి పని కల్పిస్తూ ప్రభుత్వం కట్టించిన భవనమిది. 1937లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రారంభించారు. సినిమాలోని పొదల చిక్కుదారి ఇక్కడ లేదు. ఆ కారిడార్లూ లేవు. అవన్నీ ఇంగ్లండ్‌లోని ఎల్‌స్ట్రీ స్టూడియోలో వేసిన సెట్లు. మొదట్లో కనిపించే కొండదారి కూడా మోంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్క్‌ది.

మరి అంత భయం ఎక్కణ్నుంచి వచ్చింది?

పిల్లాడు మూడు చక్రాల సైకిల్ తొక్కే సీన్ గుర్తుచేసుకోండి. కెమెరా నేలకి కొన్ని అంగుళాల ఎత్తులో, వాడి వెనకే జారుతూ పోతుంది. అది స్టెడీక్యామ్. దాన్ని కనిపెట్టిన గారెట్ బ్రౌనే స్వయంగా ఆపరేట్ చేశాడు. మనవాళ్లకి స్టెడీక్యామ్ అనగానే 1989 నాటి 'శివ' గుర్తొస్తుంది. అక్కడ అది పరుగుకి ఊపిచ్చింది. ఇక్కడ మాత్రం ఎవరో అడుగుల చప్పుడు లేకుండా వెంటపడుతున్నట్టుంటుంది. ఆ ఎత్తు నుంచి చూస్తే గోడలు పెద్దవైపోతాయి, మలుపు అవతల ఏముందో కనపడదు.

ఇక సౌండ్. చెక్క నేల మీద చక్రాలు గడగడమంటాయి. కార్పెట్ ఎక్కగానే నిశ్శబ్దం. మళ్లీ గడగడ, మళ్లీ నిశ్శబ్దం. కాసేపటికి చెవి దానికి అలవాటుపడి, తర్వాతి చప్పుడు కోసం ఎదురుచూడ్డం మొదలెడుతుంది. ఆ ఎదురుచూపులోనే సగం భయం ఉంది. నమ్మకపోతే ఆ సీన్ ఓసారి మ్యూట్‌లో పెట్టి చూడండి.

సెట్‌లో ఇంకో మాయ ఉంది. మేనేజర్ ఆఫీసుకి ఒక కిటికీ ఉంటుంది. నిజానికి ఆ గది భవనం మధ్యలో ఉంది, దాని వెనక కారిడార్ ఉండాలి. చూస్తున్నప్పుడు మనం పట్టుకోలేం. కానీ ఈ ఇంట్లో దారి తెలియట్లేదన్న గుబులు మాత్రం మొదలవుతుంది.

రాత్రి పదకొండింటికి నేనూ ఓ ప్రయోగం చేశా. ఫోన్‌ని 0.5 వైడ్‌లో పెట్టి, మోకాలి కిందకి దించి, మా గది బయట కారిడార్‌లో మెల్లగా నడిచా. నడుస్తున్నప్పుడు ఏమీ అనిపించలేదు. గదికొచ్చి ఇయర్‌ఫోన్స్‌తో ఆ వీడియో చూస్తే ఒళ్లు జలదరించింది.

అప్పుడే మా తాతయ్య పెంకుటింట్లో వెనక గది గుర్తొచ్చింది.

ఆవకాయ జాడీల జోలికి పోకూడదని, అందులో బూచాడున్నాడని చెప్పేవాళ్లు. బల్బు లేదు. తలుపు కిర్రుమనేది. అటక మీద ఎలుకలు. నా కళ్లేమో నేలకి మూడడుగుల ఎత్తులో! నేను బీటెక్ మూడో ఏడులో ఉండగా తాతయ్య మంచాన పడితే, చల్లగా ఉంటుందని ఆ గదిలోనే మంచం వేశారు. "లోపలికి వచ్చి కూర్చోరా" అన్నాడు. నేను గుమ్మంలోనే నిలబడి నాలుగు మాటలు మాట్లాడి, పరీక్షలున్నాయని చెప్పి వచ్చేశా. ఆయన్ని మళ్లీ చూడలేదు. ఇరవయ్యేళ్ల వాణ్ని గుమ్మం దగ్గరే ఆపేసింది ఓ తలుపు చప్పుడు, ఇంత చీకటి.

ఇంటికి వీడియో కాల్ చేశా. అక్కడ పట్టపగలు. ఆ గది చూపించమన్నా. చిన్న గది. ఓ కిటికీ కూడా ఉంది, ఇన్నాళ్లూ నేను చూడలేదు.

"ఇందులో ఏముందిరా?" అంది అమ్మ.

"ఏం లేదమ్మా. ఈసారి వచ్చినప్పుడు అందులోనే పడుకుంటా. తలుపుకి మాత్రం నూనె వెయ్యకు" అన్నా.